మిణుగురు గొంతు

కళ్ళద్దాల కొట్టు వెనక గదిలో బుల్లి ఒక అద్దం అంచును సానరాయి మీద అరగదీస్తోంది. ముందు గదిలోంచి యజమాని కేకేశాడు.

"బుల్లమ్మగారూ, మీకోసం ఎవరో వచ్చారు. పూలు కూడా పట్టుకొచ్చారు!"

యాభై దాటిన మనిషికి పూలు తెచ్చే మహానుభావుడెవడా అనుకుంటూ ఆమె తడి చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. గల్లా దగ్గర నలభై పైబడిన ఒకాయన నుంచున్నాడు. ముందు జుట్టు పల్చబడింది. వెనక ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆమెను చూడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీరే కదండీ... మిణుగురు?"

బుల్లికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కడో అడుగున పడిపోయిన సంగతి మెల్లిగా పైకి తేలింది.

వయసులో ఉండగా ఆమె ఒక రికార్డింగు స్టూడియోలో ఫోన్లు ఎత్తే పని చేసేది. ఒకసారి ఏదో వీడియో గేముకి గొంతు ఇవ్వాల్సిన నటి జ్వరం వచ్చి రాలేదు. స్టూడియో ఆయన కాసేపు జుట్టు పీక్కుని, చివరికి బుల్లినే అద్దాల గదిలో నిలబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆ గేము పేరు 'ఏడు కోటలు'. ఒక కత్తివీరుడు, ఒక ముసలి మాంత్రికుడు, ఒక దొంగ, వాళ్ళ వెంట లాంతరు పట్టుకుని నడుస్తూ గాయాలు మాన్పే ఒక పిల్ల. ఆ పిల్ల పేరు మిణుగురు. ఆ రోజుల్లో గేముల్లో అన్ని గొంతులు పట్టేవి కావు. మిగతావాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా వచ్చేవి. గొంతు ఉన్నది మిణుగురు ఒక్కదానికే. అదీ గుప్పెడు మాటలు. పని అయిపోయింది, స్టూడియో మూతబడింది, బుల్లికి పెళ్ళయింది, ఆ పెళ్ళి నిలవలేదు, వచ్చి అక్క పంచన చేరింది, కళ్ళద్దాల పని నేర్చుకుంది. మిణుగురు ఊసే మరిచిపోయింది.

వచ్చినాయన పళ్ళ డాక్టరు. 'ఏడు కోటలు' అభిమానుల సంఘానికి ఆయనే పెద్ద. ఆమెను వెతికి పట్టుకోవడానికి ఏళ్ళు పట్టిందట.

"మా నాన్న పోయిన ఏడండీ అది," అన్నాడు పూలు గల్లా మీద పెట్టి. "ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. గేములో నేను దెబ్బ తిని పడిపోయినప్పుడల్లా మీరొచ్చి 'లే, ఇంకా చాలా దారి ఉంది' అనేవారు. ఆ మాట కోసం కావాలని వెళ్ళి దెబ్బలు తినేవాణ్ణండీ."

వెనకున్న లావుపాటాయన బస్సు డ్రైవరు. ఆయన ఒక వేసవి సెలవులంతా నాలుగో కోట గుమ్మం బయటే గడిపాడట. నాలుగో కోటలో మిణుగురు చనిపోతుంది. లాంతరు వెలుగుతున్నంత సేపే అక్కడి తలుపు తెరుచుకుని ఉంటుంది. అందుకని ఆమె మంచు మెట్ల మీద లాంతరు ఎత్తి పట్టుకుని కూర్చుండిపోతే, మిగతా ముగ్గురూ దాటిపోతారు. లోపలికి అడుగు పెడితేనే కదా ఆమె పోయేది అని ఈయన అడవిలోనే తిరుగుతూ, గబ్బిలాలను చంపుతూ, ఆమె బలం పెంచుతూ ఉండిపోయాడు.

"బలం బాగా పెరిగితే బతుకుతుందేమో అనుకున్నానండీ."

"బతికిందా?" అంది బుల్లి.

"లేదండీ," అన్నాడు డ్రైవరు, నిన్నగాక మొన్న జరిగినట్టు తల దించుకుని.

మూడో ఆయన వాళ్ళ బళ్ళో పుట్టిన పుకారు చెప్పాడు. గేములోని అన్ని ఊళ్ళలో వీధి దీపాలన్నీ వెలిగిస్తే మిణుగురు తిరిగొస్తుందని ఎవడో అన్నాడట. పిల్లలంతా వేళ్ళు బొబ్బలెక్కేదాకా దీపాలు వెలిగించారట. కొట్టు యజమాని కూడా చేతిలో పని వదిలేసి నోరు తెరుచుకుని విన్నాడు. ఆ రోజు బుల్లి ఇంటికి పూలు పట్టుకుని నడిచింది గాని, కాళ్ళు నేల మీద లేవు.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరే ఉండే ఇల్లు అది. ముందు గదిలో అక్క కుట్టుమిషను, వెనక వంటగది. అక్క భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడ ఇంట్లో కూర్చుని తెరలు, దిండు గలేబులు కుడుతుంది. నోరు కొంచెం దురుసు. పూలు చూసి, "ఎవడే పాపం, కళ్ళు కనపడనివాడు? అద్దాలు సరిగ్గా బిగించి పంపలేదా?" అంది. సంగతంతా విన్నాక మాత్రం పూలకు నీళ్ళు పోసి కిటికీలో పెట్టింది ఆవిడే.

బుల్లి ఆ గేము ఎన్నడూ చూడలేదని తెలిసి పళ్ళ డాక్టరు నిర్ఘాంతపోయాడు. ఆదివారం తన పాత గేము పెట్టె, వైర్లు అన్నీ పట్టుకొచ్చి వాళ్ళ టీవీకి తగిలించాడు. తెర మీద బొమ్మలు చదరపు ముక్కలు పేర్చినట్టున్నాయి. ముక్కు లేదు, మూతి లేదు, రెండు చుక్కల కళ్ళు. అయినా గేములో మొదటి ఊరి పాట మొదలయ్యేసరికి డాక్టరు చిన్నపిల్లాడిలా నేల మీద మఠం వేసుకుని కూర్చుండిపోయాడు.

"ఈ వయసులో ఆటలేమిటే," అని సణుగుతూ మిషను తొక్కుతున్న అక్క, నాలుగు ఆదివారాలు తిరిగేసరికి కుర్చీ టీవీ వైపు తిప్పుకుంది. దొంగ ఎవరి సంచీలోనో చెయ్యి పెడితే, "వీడి దుంప తెగ, మళ్ళీ దొరికిపోతాడు చూడు," అనేది. మాంత్రికుడికి మందు తాగించడం బుల్లి మరిచిపోతే కసిరేది. "ఆ ముసలాయన్ని చంపేసేదాకా నిద్ర పట్టదా నీకు?"

నాలుగో కోట వచ్చింది. మిణుగురు మెట్ల మీద కూర్చుంది. ఇరవై రెండేళ్ళ బుల్లి గొంతు గదిలో వినిపించింది: "నేను కొంచెం కూర్చుంటాను. మీరు నడవండి."

అక్క మిషను మీద నుంచి చెయ్యి తీసేసింది. లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. డాక్టరు ఏడుస్తున్నాడు కాబట్టి గమనించలేదు. బుల్లి గమనించింది. ఎందుకో ఆమెకు తెలుసు.

అక్క ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర పని చేసేది. ఏడో నెల కడుపుతో ఉండగా ఒకరోజు నడుంలో నొప్పి మొదలైంది. "కొంచెం కూర్చుంటానండీ," అని మేస్త్రీని అడిగింది. "ఈ దొంతర అయ్యాక కూర్చుందువుగాని," అన్నాడు ఆయన. దొంతర అవలేదు. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. ఆస్పత్రి మంచం పక్కన బుల్లి ఒక్కతే ఉంది. అక్క ఆ సంగతి చెల్లెలితో ఒక్కసారి పూర్తిగా చెప్పింది, ఆ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. కట్టుకున్నవాడి దగ్గర కూడా.

అభిమానులు రావడం ఎక్కువైంది. పుట్టినరోజులకి, పెళ్ళి రోజులకి మిణుగురు మాట రికార్డు చేసి ఇమ్మని అడిగేవారు. బుల్లి సంతోషంగా ఫోను దగ్గర పెట్టుకుని చెప్పేది. అవతలి నుంచి జవాబు మర్యాదగానే వచ్చేది.

"మేడమ్, ఏమీ అనుకోకండి. 'లే' అన్నచోట చిన్న నవ్వు ఉంటుందండీ. అది రావట్లేదు."

"మేడమ్, మీరు ఊపిరి తీసుకుంటున్నారు. మిణుగురు తీసుకోదు."

బుల్లి వేణ్ణీళ్ళు పుక్కిలించింది, తేనె నాకింది, స్నానాల గదిలో తలుపేసుకుని సాధన చేసింది. "గొంతుకి ఇస్త్రీ చేస్తే ముడతలు పోతాయా?" అంది అక్క బయటి నుంచి. బుల్లికి ఒళ్ళు మండింది. ఎందుకంటే అప్పటికి ఒక కబురు వచ్చి ఉంది. 'ఏడు కోటలు' మళ్ళీ కొత్తగా తయారు చేస్తున్నారట. కంపెనీవాళ్ళు అభిమానుల సభకి వస్తున్నారట. "మీరు లేకుండా మిణుగురేమిటండీ," అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకుని బుల్లి కొట్టులో సెలవు పెట్టింది, కొత్త బట్టలు కొనుక్కుంది, అద్దాల గదిలో మళ్ళీ నిలబడినట్టు కలలు కంది.

సభ ఒక పెద్ద హాల్లో జరిగింది. జనం కిక్కిరిసి ఉన్నారు. పొట్టలు వచ్చిన కత్తివీరులు, గడ్డం అంటించుకున్న మాంత్రికులు, లాంతర్లు పట్టుకున్న ఆడపిల్లలు. కంపెనీ నుంచి వచ్చిన మేనేజరు ముప్పై కూడా నిండని చలాకీ అమ్మాయి. బుల్లిని వేదిక వెనక తెర చాటున కూర్చోబెట్టి మైకు ఇచ్చింది.

"చిన్న సరదా అమ్మా. మీరొకసారి చెప్పండి, తర్వాత ఇంకో గొంతు వస్తుంది. అసలైన మిణుగురు ఎవరో జనం కనిపెట్టాలి."

బుల్లి ఊపిరి బిగబట్టి, మనసంతా పెట్టి, "లే, ఇంకా చాలా దారి ఉంది," అంది. ఎక్కడో ఒక నవ్వు మొదలైంది. అంతలో రెండో గొంతు వినిపించింది. లేతగా, తేలిగ్గా, 'లే' దగ్గర ఆ చిన్న నవ్వుతో సహా.

హాలు దద్దరిల్లింది. "రెండు! రెండు!" అని అరుపులు. వెనక బెంచీల్లోంచి ఎవడో, "ఒకటో నంబరు మిణుగురు వాళ్ళ అమ్మమ్మరా!" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అప్పుడు తెర తీశారు.

నవ్వు టక్కున ఆగిపోయింది. కొత్త బట్టల్లో, మైకు పట్టుకుని, కుర్చీ అంచున బుల్లి. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పడిపోయిన ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టేటప్పుడు చూపించే మంచితనం ఉంది ఆ చప్పట్లలో. నవ్వే నయమనిపించింది ఆమెకి.

"రెండో గొంతు మనిషిది కాదు," అని మేనేజరు జనానికి చెబుతోంది. "అమ్మగారి పాత టేపుల నుంచి మా కంప్యూటరు తయారు చేసింది. కొత్త గేములో ఇదే. అమ్మగారి గొంతుకి ఇక ముసలితనం లేదు!"

బుల్లి పక్కకు తిరిగి, వేదిక మీదికి వచ్చిన డాక్టరును అడిగింది. "మీకు ముందే తెలుసా?"

"తెలుసండీ," అన్నాడు ఆయన మెరిసే కళ్ళతో. "మీరు సంతోషిస్తారని దాచాం. ఎంత బాగా చేశారో చూశారా? అచ్చం మీరే!"

"రెండు మాటలు చెప్పండమ్మా," అంది మేనేజరు.

బుల్లి లేచి నిలబడింది. వాళ్ళకి ఇష్టమైనది ఏదో ఒకటి లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. వాళ్ళు ఆ గేము పేరెత్తితే నోరు చేదెక్కాలి. ఏం చెబితే అలా అవుతుందో ఆలోచించక్కర్లేకుండానే నోటికి వచ్చేసింది.

"మీరంతా ఏడుస్తారే, మెట్ల మీద మిణుగురు మాట విని," అంది. "అది నటన కాదు. అప్పుడు నాకు ఏడో నెల. పొద్దుటి నుంచీ నిలబెట్టి ఉంచారు. నడుంలో నొప్పి వచ్చింది. కొంచెం కూర్చుంటానండీ అని అడిగాను. ఇది అయ్యాక కూర్చుందువుగాని అన్నారు. నేను కూర్చుంటాను, మీరు నడవండి అని నేను బతిమాలుతుంటే దాన్ని టేపు చేశారు. ఆ సాయంత్రం నాకు ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. మీరు ఇన్నేళ్ళూ మీటలు నొక్కి నొక్కి వింటున్నది దాన్నే."

నొప్పి, ఏడో నెల, ఏడవని బిడ్డ, అన్నీ నిజమే. కాకపోతే ఆమెవి కావు. ఆ గేము పని చేసినప్పటికి బుల్లికి పెళ్ళి కూడా కాలేదు. ఆ తర్వాత కడుపూ పండలేదు.

వాళ్ళు చెవులు మూసుకుంటారనుకుంది. లేచి వెళ్ళిపోతారనుకుంది. కాని హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. బస్సు డ్రైవరు గోడకి తల ఆనించి ఏడ్చాడు. లాంతర్లు పట్టుకున్న ఆడపిల్లలు వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నారు. డాక్టరు ఆమె చెయ్యి తన కళ్ళకి ఆనించుకుని, "ఇన్నేళ్ళూ మోశారా అమ్మా, ఒక్కరే మోశారా," అన్నాడు. ఇందాక అమ్మమ్మ అని అరిచినవాడు కూడా వచ్చి క్షమించమన్నాడు. మేనేజరు ఒక పక్కగా నిలబడి ఆత్రంగా ఎవరికో ఫోను చేస్తోంది.

అప్పుడే అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కాని ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. ఆ చేతులన్నీ తన మీద పడుతుంటే బుల్లికి హాయిగా ఉంది. ఇందాకటి అవమానం అంతా కడిగినట్టు పోయింది. ఆమె నీళ్ళు తాగి ఊరుకుంది.

అక్కకి చెప్పలేదు. ఎలా చెబుతుంది?

వారం తిరక్కుండా సంఘంవాళ్ళు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చారు. బుల్లి కొట్టు నుంచి వచ్చేసరికి డాక్టరు, డ్రైవరు, ఇంకో ఇద్దరు ముందు గదిలో కూర్చుని ఉన్నారు. మిషను మీద ఒక పటం ఆనించి ఉంది. అందులో మిణుగురు మెట్ల మీద కూర్చుని ఉంది, ఒడిలో పసిబిడ్డ, పక్కన లాంతరు. అక్క ఎదురుగా నుంచుని ఆ పటాన్నే చూస్తోంది.

"ఆ రోజు ఆస్పత్రిలో మేడమ్ పక్కన మీరే ఉండి ఉంటారు కదండీ?" అంటున్నాడు డాక్టరు గౌరవంగా. "ఏడో నెలలో అంతసేపు నిలబెట్టారంటే వాళ్ళు మనుషులేనా అండీ?"

అక్క తల తిప్పి గుమ్మంలో ఉన్న చెల్లెల్ని చూసింది. తర్వాత డాక్టరుతో, "అవునండీ, మనుషులు కారు," అంది. అందరికీ టీ పెట్టి ఇచ్చింది. వాళ్ళు కప్పులు ఖాళీ చేసి దణ్ణాలు పెట్టి వెళ్ళేదాకా ఒక్క మాట తూలలేదు.

తలుపు వేశాక అడిగింది. "ఎంతమందికి చెప్పావే?"

"కోపంలో వచ్చేసిందక్కా. అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశారు."

"నిన్ను చూసి నవ్వితే నీ దగ్గరున్నది ఏదన్నా తీసి విసరాలి. నాదాన్ని విసురుతావా?"

"నీ పేరు ఎక్కడా రానివ్వలేదక్కా, ఒట్టు."

"అదే కదా. వచ్చినా బావుండేది."

బుల్లి అప్పుడు అక్క కాళ్ళ మీద పడి ఉంటే ఏమయ్యేదో. పడదామనే అనుకుంది. కాని తప్పు చేసినవాళ్ళకి ఒక్కోసారి ఎక్కడలేని పౌరుషం వస్తుంది.

"దాచి నువ్వు బావుకున్నదేమిటి?" అంది గొంతు పెంచి. "మూలన కూర్చుని మిషను తొక్కావు. నేను నోరు విప్పితే హాలంతా ఏడ్చింది. నీ కూతురి కోసం ఇన్నేళ్ళల్లో ఒక్కరైనా ఏడ్చారా?"

అక్క మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"నువ్వు ఏడ్చావనుకున్నాను," అంది.

మర్నాడు అక్క ఆడపడుచు కూతురు ఒక చిన్న బండి తీసుకుని వచ్చింది. కుట్టుమిషను, బట్టల పెట్టె ఎక్కించారు. కిటికీలో ఎండిన పూలు పారేసి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది అక్క. పటం మాత్రం గోడకి ఆనించి వదిలేసింది. ఆ తర్వాత బుల్లి వాళ్ళింటికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ పిల్లే గుమ్మంలో ఎదురై, "అత్త పడుకుందండీ," అనేది. లోపల మిషను చప్పుడు వినపడుతూనే ఉండేది.

ఈలోగా కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. బుల్లి చెప్పిన కథ విన్నాక కొత్త గేములో మిణుగురుకి ఒక తల్లిని పెట్టారట, ఆ తల్లి గొంతు బుల్లిదే కావాలట. మేనేజరు అద్దం అవతల కూర్చుని, "మీకు నేను చెప్పక్కర్లేదు కదమ్మా, ఆ రోజును తలుచుకోండి చాలు," అంది. బుల్లి తలుచుకుంది. ఆస్పత్రి మంచం మీద అక్క మొహం, ఆ మొహం ఎటు తిరిగి ఉందో, పెదవులు ఎలా వణికాయో, మాట ఎక్కడ తెగిందో, అన్నీ కళ్ళకి కట్టినట్టు గుర్తున్నాయి. అలాగే చేసింది. అవతల గదిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

గేము వచ్చింది. జనం విరగబడి ఆడారు. చిన్నప్పటి మిణుగురు తమకు దక్కిందని పెద్దవాళ్ళు మురిసిపోయారు. పిల్లలు మాత్రం ఆ తల్లి కోసమే మళ్ళీ మళ్ళీ ఆడారు. బుల్లి కళ్ళద్దాల కొట్టు మానేసింది. ఊరూరా సభలకి డాక్టరే దగ్గరుండి తీసుకెళ్ళేవాడు. అదే కథ అదే చోట ఆగి, అదే చోట గొంతు తగ్గించి చెప్పేది. చెప్పగా చెప్పగా కొన్నాళ్ళకి ఆమెకే కొంచెం నమ్మకం కుదిరింది.

అలాంటి ఒక సభ అయిపోయాక, పటాల మీద సంతకాల కోసం వరసలో నుంచున్నవాళ్ళల్లోంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పటం లేదు. మొహం పాలిపోయి ఉంది. బల్ల మీదికి వంగి, వెనకవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"అమ్మా, నాకూ అలాగే అయింది. పోయిన నెల. మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చాను. పాలు వస్తున్నాయి కదా... బిడ్డ లేకపోయినా వస్తాయి కదా. అప్పుడు మీరేం చేశారు? ఎన్నాళ్ళకి ఆగాయి?"

బుల్లి పెన్ను బల్ల మీద పెట్టింది. ఆ సంగతి అక్క చెప్పలేదు. తను అడగనూ లేదు. అసలు అలా అవుతుందని కూడా ఆమెకి ఇప్పటిదాకా తెలియదు.

ఆ పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. వెనక వరస కదలడం లేదు. డాక్టరు దూరం నుంచి, ఏమైనా కావాలా అన్నట్టు సైగ చేశాడు.

"తొందరగానే ఆగుతాయమ్మా," అంది బుల్లి. "నాకైతే వారం పట్టింది. చన్నీళ్ళ స్నానం చెయ్యి."

"చన్నీళ్ళా?"

"అవును. నేను అదే చేశాను."

ఆ అమ్మాయి మరిచిపోకుండా ఉండాలన్నట్టు పెదాలతో ఆ మాట ఒకసారి అనుకుంది. రెండు చేతులూ జోడించి, ఎవరూ తగలకుండా ఒక చెయ్యి గుండెలకి అడ్డం పెట్టుకుని, జనంలోంచి మెల్లిగా బయటికి నడిచింది. బుల్లి ఆమె వైపు చూడలేదు. వరసలో తర్వాతి మనిషి అప్పటికే పటం ముందుకు జరిపాడు.

"ఏం పేరు రాయమంటారు?" అని అడిగింది ఆయన్ని.